షండ, ఆడంగి శబ్దములు: బందరుసీమ క్రైస్తవ సంఘములు

చర్చి మిషనరీ సొసైటీవారి తెలుగు మిషను 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అనువారల రాకతో మచిలీబందరున నెలకొనెను. 1843లో నోబులు పెట్టిన పాఠశాలయే పిదప నోబులు కళాశాల యయ్యెను. అందు మొదట మాల మాదిగల బిడ్డలకు ప్రవేశము లేకుండెను. అగ్రవర్ణముల బాలురు రాకపోవుదురను శంకయే దీనికి హేతువు. కాని తరువాతి తరములలో కృష్ణామండలపు దేవాలయములను నింపినవారు ఆ వెలివారే. కావున ఎవరిని లోనికి రానీయవలెనను ప్రశ్న ఈ సీమకు క్రొత్తది గాదు. నేడది హిజ్రాలను గూర్చియు, స్వలింగప్రీతిగల స్త్రీపురుషులను గూర్చియు వచ్చుచున్నది. ఈ వివాదమునందు ఉభయపక్షములవారును తెలుగు బైబిలునే చేతబట్టుదురు గనుక, అందలి శబ్దములను ముందు పరిశీలింపవలసియున్నది.

హీబ్రూభాషయందు 'సారీస్' అనగా రాజగృహోద్యోగి, పెక్కుచోట్ల ఛిన్నవృషణుడు. గ్రీకున దీనికి 'యూనూఖోస్' అని పేరు, అనగా శయ్యాగృహరక్షకుడు. తెలుగు భాషాంతరీకర్తలు యెషయా, యిర్మీయా గ్రంథములందు 'షండుడు' అనియు, మత్తయి సువార్తయందును అపొస్తలుల కార్యములందును 'నపుంసకుడు' అనియు వ్రాసిరి. అమరకోశమున ఈ రెండును 'తృతీయాప్రకృతి'కి పర్యాయములు. అనగా మూలమున నొక యుద్యోగమును, ఒక శరీరచ్ఛేదమును తెలుపు శబ్దము తెలుగున స్వభావముచేత స్త్రీయు పురుషుడును గానివారిని గూడ వ్యాపించినది. ద్వితీయోపదేశకాండము ఛిన్నాంగుని సమాజమునుండి తొలగించెను. యెషయా ఏబదియారవ అధ్యాయము షండునికి దేవుని మందిరమున కుమారులకంటెను శ్రేష్ఠమైన పేరును వాగ్దానము చేసెను. ఇథియోపియా దేశపు నపుంసకుడు ఫిలిప్పును కోరినంతనే త్రోవప్రక్కనున్న నీటియందు బాప్తిస్మము పొందెను. తెలుగు చదువరికి ఈ వాగ్దానము మూలముకంటె విశాలముగా వినబడుననుట అతిశయోక్తి గాదు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికయొక్క ఆరవ అధ్యాయమున దీనికి విపరీతము జరిగినది. అచటి 'మలకోస్' శబ్దమునకు మెత్తనిదని మూలార్థము. ఈ శబ్దమే మత్తయి సువార్తయందు వస్త్రవిశేషణమై తెలుగున 'సన్నపు' బట్టలైనది. పౌలు పట్టికలో మాత్రము 'ఆడంగితనముగలవారు' అయ్యెను. 1611 నాటి ఆంగ్లానువాదముకూడ స్త్రీప్రాయులనియే చెప్పినది గనుక, తెలుగువారు దానినే త్రోవగా గైకొనిరని తోచుచున్నది. పౌలు ఉద్దేశించినది విలాసలోలత్వమా, వేశ్యావృత్తి నవలంబించిన బాలురా అని విద్వాంసులు నేటికిని వాదించుచున్నారు. నడకయు, కంఠస్వరమును, కట్టును స్త్రీవలె నున్నవారందరు అని గ్రీకు పదము చెప్పుటలేదు. తెలుగు పదమన్ననో అదియే చెప్పును. ఒక పల్లెటూరి బాలుని ఆడంగియని యెగతాళిచేయు నోటికి ఇది శాస్త్రాధారమైనది. దాని ప్రక్కనున్న 'పురుషసంయోగులు' అను మాట మాత్రము మూలసమాసమును పదమునకు పదముగా దించినది. అది క్రియను జెప్పునుగాని స్వభావమును జెప్పదు. ఆంగ్ల బైబిలులో ఒకటి 1946లో ఈ రెండు పదములను గలిపి స్వలింగసంపర్కులని యొకే మాటగా వ్రాసి, 1971లో దానిని మార్చుకొనవలసివచ్చెను. తెలుగు అనువాదకులు రెంటిని వేరుగానే యుంచుట మెచ్చదగినది.

రాజశాసనముగూడ ఈ చర్చతో పెనగొన్నది. 1860 నాటి శిక్షాస్మృతి 377వ విభాగమును ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము 2009లో సంకుచితము చేయగా, దానిపై అప్పీలు చేసినవారిలో ఉత్కళ క్రైస్తవ మండలియు నుండెను. 2013లో సర్వోన్నతన్యాయస్థానము ఆ విభాగమును నిలిపి, 2018 సెప్టెంబరు 6వ తేదీన వయస్సు వచ్చినవారి పరస్పరసమ్మతివిషయమున కొట్టివేసెను. అంతకుముందే 2014లో తృతీయలింగమును గుర్తించియుండెను. నేరమనుమాట తొలగినది, పాపమా కాదా యనునది సంఘములయొద్దనే నిలిచినది.

ఆ సంఘములు ఈ సీమయందు ఒక్క రీతివి గావు. మచిలీబందరు ఆంగ్ల సంఘమువారు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమునందు గలసిరి. వారిలో సిద్ధాంతవిషయమును సినడు తీర్చవలెను, పాదిరి తనంతట తాను తీర్పరాదు. దివిసీమలో అవనిగడ్డ కేంద్రముగా కెనడా బాప్తిస్టులు స్థాపించిన సంఘము లా యైక్యమునందు జేరలేదు. బాప్తిస్టుల ధర్మమునుబట్టి సభ్యత్వ మిచ్చుటయు మానుటయు ఆయా ఊరి సంఘముదే. కావున ఒక పల్లె హిజ్రాను బల్లయొద్దకు బిలిచినను, పొరుగుపల్లె వాకిట నిలిపినను అడ్డు చెప్పు పైయధికారి లేడు. ఈ స్వాతంత్ర్యము ఆదరణకును తిరస్కారమునకును సమానముగా తోడ్పడును. గుడివాడ ప్రాంతపు కతోలికులు 1937లో నేర్పడిన బెజవాడ మేత్రాసనమునకు జేరినవారు. వారికి మాట రోమునుండి రావలెను. అది 2023లో వచ్చినది. లింగమార్పు పొందినవారు సయితము తక్కిన విశ్వాసులవలెనే బాప్తిస్మము పొందవచ్చుననియు, అయితే జనులలో అపవాదమునకును కలతకును చోటీయరాదనియు విశ్వాససిద్ధాంత విభాగము అక్టోబరు 31వ తేదీతో ప్రకటించెను. అపవాద మెట్టిదో నిర్ణయించు పని ఊరి గురువుపై బడినది. ఇథియోపీయుని కథయందు ఫిలిప్పున కట్టి నియమ మేదియు విధింపబడలేదు.