చలికి మొరాయించిన ఇంజన్లు, వలస పోయిన కార్క్ మనుషులు

ఎపిసోడ్‌లో టైం సరిపోక వదిలేసిన ముచ్చట ఇది.

నేను కార్క్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసినోణ్ణి. పోయిన జనవరిలో ఒక పొద్దున మంచు గడ్డకట్టి డంపర్ స్టార్ట్ కాలేదు. కొత్తగా వచ్చిన మన తమ్ముడు తాళం తిప్పి తిప్పి బ్యాటరీ దించేశాడు. పనిపోతుందేమోనని వాడి మొహం వాడిపోయింది. మా సైట్లోని కార్క్ పెద్దాయన నవ్వి, "మా తాత రోజుల్లో అయితే దీని కింద మంట పెట్టేవాళ్ళు" అన్నాడు. ఆ తాత ఇక్కడి ఫోర్డ్ ఫ్యాక్టరీలో చేశాడట.

హెన్రీ ఫోర్డ్ నాన్న విలియం ఈ కార్క్ జిల్లా మనిషే. 1847లో, ఆలుగడ్డ కరువు కాలంలో, అమెరికాకు వలసపోయాడు. 70 ఏళ్ళకు, 1917లో, కొడుకు అదే కార్క్‌లో కంపెనీ పెట్టాడు. 1919 జూలైలో మొదటి ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ బయటికొచ్చింది.

ఆ బండికి అసలు పరీక్ష చలికాలం పొద్దునే. బ్యాటరీ లేదు, సెల్ఫ్ లేదు, చేత్తో హ్యాండిల్ కొట్టాలి. ముందు పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి. చలికి ఆయిల్ బంకలాగా అయిపోతుంది. అందుకే ఆయిల్ చాంబర్ కింద నిప్పు పెట్టేవాళ్ళు. నీళ్ళు గడ్డకడితే ఇంజన్ పగులుతుందని రాత్రి రేడియేటర్ ఖాళీ చేసేవాళ్ళు. ఫోర్డ్ మోడల్ టీ కారుదీ అదే బాధ. చలిలో క్లచ్ పూర్తిగా విడవదు, హ్యాండిల్ కొట్టగానే బండి మనిషి మీదికే వస్తుంది. అందుకని వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి స్టార్ట్ చేసేవాళ్ళు.

హ్యాండిల్ ఎదురు తిరిగితే చెయ్యి విరుగుతుంది. బొటనవేలు కూడా మిగతా వేళ్ళ వైపే పెట్టి పట్టాలి, పైకి లాగాలి, కిందికి నొక్కకూడదు. ఇది నాకు పుస్తకం చెప్పలేదు. మా బావి దగ్గర ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ తిరగబడి మా నాన్న మణికట్టు విరిగింది. ఆ ఏడు పంట లేదు, అప్పు మిగిలింది. ఆ అప్పే నన్ను మొదట దుబాయి పంపింది.

1932లో ట్రాక్టర్ల పని కార్క్ నుంచి ఇంగ్లాండులోని డాగెన్‌హామ్‌కు పోయింది. కార్క్ మనుషులు చాలామంది దాని వెనకే పోయారు. సెలవులకు మంచి బట్టలతో, జేబునిండా పైసలతో వస్తే ఊరోళ్ళు వాళ్ళను 'డాగెన్‌హామ్ యాంకులు' అనేవాళ్ళు. మనల్ని 'దుబాయోడు వచ్చిండు' అన్నట్టే. 1984లో కార్క్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. సుమారు 800 మంది పని పోయింది.

ఆ పొద్దున ఇంకో బండి బ్యాటరీకి కేబుల్ వేసి డంపర్ లేపాం. తమ్ముడి పేరు రిపోర్టులో రాయలేదు. "చలికి మొరాయించింది" అని మాత్రం రాశాను.

మీ ఇంట్లో ఎవరైనా హ్యాండిల్ కొట్టినోళ్ళుంటే ఆ ముచ్చట వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.