తోసే వెలుగు, తిప్పే వెలుగు

పొద్దున్నే నేరేడ్‌మెట్‌లోని మా వంటింటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంది. ఆ చారలో దుమ్ము నలుసులు తేలుతుంటాయి. మన వైశేషికులు త్రసరేణువు అన్నది ఇలాంటి నలుసునే. వాటిని ఆడించేది గాలి, ఎండ చూపిస్తుందంతే అనుకుంటాం. కానీ వెలుగుకీ తోసే బలం ఉంది. తోకచుక్క తోక సూర్యుడికి ఎడంగా సాగడం చూసి కెప్లర్ 1619లోనే ఆ మాట అన్నాడు. 1901లో రష్యాలో లెబెదెవ్ ఆ బలాన్ని కొలిచాడు. 1933లో ఆటో ఫ్రిష్ సోడియం దీపపు వెలుగుతో సోడియం పరమాణువుల ధారను రవ్వంత పక్కకు జరిపాడు.

వెలుగు తిప్పనూ గలదు. ఈ కథలో మన సూరి భగవంతం ఇక్కడే వస్తారు. కృష్ణా జిల్లాలో 1909లో పుట్టిన ఆయన 1928లో కలకత్తాలో రామన్ దగ్గర చేరారు. చెదిరిన వెలుగును పరీక్షించి, వెలుగు కణమైన ఫోటాన్‌కు స్వతహాగా స్పిన్ అనే తిరుగుడు గుణం ఉందని 1931లో ఇద్దరూ సాక్ష్యం చూపారు. 1936లో ప్రిన్స్‌టన్‌లో రిచర్డ్ బెత్, సన్నని పోగుకు వేలాడదీసిన పలకను వెలుగు మెలితిప్పడం కొలిచాడు. భగవంతం తర్వాత వాల్తేరులోనూ, మాకు దక్షిణాన ఉన్న ఉస్మానియాలోనూ పనిచేశారు. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా ఉపకులపతి ఆయనే. అణువు ఎలా కంపిస్తుందో, ఎలా తిరుగుతుందో వర్ణపట రేఖల్లో చదవడం ఆయన విద్య.

1960లో లేజర్ వచ్చింది. ఎదురొచ్చే లేజర్ నుంచి ఒక్కో ఫోటాన్ మింగినప్పుడల్లా సోడియం పరమాణువు వేగం సెకనుకు సుమారు 3 సెంటీమీటర్ల చొప్పున తగ్గుతుంది. వేలసార్లు మింగితే దాదాపు ఆగిపోతుంది. ఇలా పరమాణువులను చల్లబరిచి పట్టి ఉంచినందుకే 1997 ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు.

అణువు మాత్రం మొరాయించింది. మింగిన వెలుగును కక్కేటప్పుడు అది మరో కంపన స్థితిలోకి జారిపోతుంది. ఆ తర్వాత ఆ లేజర్ రంగు దానికి పట్టదు. 2010లో యేల్‌లో డేవిడ్ డిమిల్ బృందం స్ట్రాంషియం ఫ్లోరైడ్‌ను ఎంచుకుంది. ఈ అణువు జారేది తక్కువ. ఒక లేజర్ తోస్తుంటే, మరో రెండు జారినవాటిని దారికి తెచ్చాయి. లేజర్‌తో అణువు చల్లబడడం అదే మొదలు.

తిప్పే దారిలో ఒట్టావా పరిశోధకులు అప్పటికే ముందున్నారు. ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు లేజర్ కాంతులను కలిపితే, కాంతి కంపించే దిశే కవ్వంలా తిరుగుతుంది. 2000లో ఆ కవ్వానికి క్లోరిన్ అణువులను తగిలించి, వేగం పెంచుతూ పోయారు. 50 పికోసెకన్లలో, అంటే సెకనులో 2,000 కోట్లవ వంతులో, అవి ఎంత జోరుగా తిరిగాయంటే, బంధం తెగి రెండు పరమాణువులు చెరో వైపు ఎగిరిపోయాయి.

ఏ అణువు ఏ స్థితికి జారుతుందో తెలిస్తేనే, దాన్ని దారికి తెచ్చే లేజర్లను ఏ రంగుకు సరిచేయాలో తెలుస్తుంది. ఆ పద్దు రాయడం నేర్పింది, లేజర్ అన్న మాటైనా పుట్టకముందు గాజు పలకల మీద రేఖలు లెక్కపెట్టిన భగవంతం తరం.