రద్దయ్యాక ఓటేసిన కమలాపూర్

2008 మే 29. రోళ్లు పగిలే రోహిణి కార్తె. కమలాపూర్, జమ్మికుంట, వీణవంక పల్లెల్లో జనం పొద్దున్నే లేచి, ఎండ ముదరకముందే ఓటేసి రావాలని పోలింగ్ బూత్‌ల దారి పట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి మళ్లీ ఎమ్మెల్యే ఎన్నిక. తమాషా ఏమిటంటే, వాళ్లు ఓటేస్తున్న నియోజకవర్గం కాగితం మీద అప్పటికే చచ్చిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరి 19నే పునర్విభజన ఉత్తర్వులు అమల్లోకి వచ్చాయి. కొత్త జాబితాలో కమలాపూర్ పేరు లేదు. కాకపోతే కొత్త గీతలు తర్వాతి సాధారణ ఎన్నికల నుంచే వర్తిస్తాయి. ఉన్న శాసనసభకు ఉప ఎన్నిక వస్తే పాత గీతల మీదే జరగాలి. అలా మూడు నెలల కిందట రద్దయిన నియోజకవర్గానికి ఆఖరి ఎమ్మెల్యేను ఎన్నుకున్నారు.

జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కలు ముందు పెట్టుకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 294 స్థానాల హద్దులు మళ్లీ గీసింది. అంతకుముందున్న హద్దులు 1971 లెక్కలవి. వాటి మీద 1978 నుంచి 2004 దాకా ఏడు సాధారణ ఎన్నికలు నడిచాయి. ఈ ముప్పై ఏళ్లలో జనం పల్లె వదిలి పట్నానికి, బొగ్గు బాయి మీదికి, కంపెనీకి కదిలారు. మొత్తం స్థానాలు పెంచే వీలు లేదు కాబట్టి ఒక చోట తీసి ఇంకో చోట పెట్టారు. తెలంగాణ వాటా 107 నుంచి 119కి పెరిగింది. ఆదిలాబాద్ జిల్లాకు తొమ్మిది ఉండేవి, పది అయ్యాయి. కరీంనగర్‌కు పదమూడు ఉండేవి, పదమూడే మిగిలాయి.

అంకె మారలేదు కదా అని కరీంనగర్‌లో ఏమీ జరగలేదనుకోవద్దు. పదమూడింట్లో ఆరు పేర్లు పోయాయి: కమలాపూర్, ఇందుర్తి, మేడారం, నేరెళ్ల, బుగ్గారం, మెట్‌పల్లి. వాటి బదులు హుస్నాబాద్, ధర్మపురి, మానకొండూర్, వేములవాడ, కోరుట్ల, రామగుండం వచ్చాయి. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదవండి. పోయినవాటిలో మెట్‌పల్లి ఒక్కటే పట్నం, మిగతావన్నీ ఊళ్లు. వచ్చినవాటిలో నరసింహస్వామి, రాజన్న కొలువైన క్షేత్రాలు రెండు. బొగ్గు, కరెంటు మీద బతికే రామగుండం ఒకటి. ఆదిలాబాద్ వైపూ ఇదే కథ. లక్సెట్టిపేట పోయి మంచిర్యాల, బెల్లంపల్లి వచ్చాయి. ఒకప్పుడు అసెంబ్లీలో ఊళ్ల పేర్లు వినపడేవి. 2009 నుంచి ఆ పిలుపు పట్నాలకు, పుణ్యక్షేత్రాలకు, గనులకు పోయింది. కమిషన్‌కు ఆ ఉద్దేశం ఉందని కాదు. జనాభా లెక్క చూసి గీత గీస్తే పడిన గీత అది.

రిజర్వేషన్లూ కదిలాయి. కరీంనగర్ జిల్లాలో ఎస్సీ స్థానాలు రెండే ఉండేవి, మేడారం, నేరెళ్ల. రెండు పేర్లూ పోయి ధర్మపురి, చొప్పదండి, మానకొండూర్ మూడు ఎస్సీ స్థానాలయ్యాయి. ఆదిలాబాద్‌లో ఆసిఫాబాద్ ఎస్సీ నుంచి ఎస్టీకి మారింది. సీపీఐ నాయకుడు గుండా మల్లేశ్ ఆసిఫాబాద్ వదిలి కొత్త బెల్లంపల్లిలో పోటీ చేసి గెలిచారు.

మేడారం సంగతి వేరే చెప్పాలి. మేడారం అనగానే ఎవరికైనా సమ్మక్క సారలమ్మ గద్దెలు, నిలువెత్తు బంగారం గుర్తొస్తాయి. ఆ మేడారం ములుగు అడవుల్లో ఉంది. అసెంబ్లీలో పేరు మోసిన మేడారం ధర్మారం మండలంలోని ఊరు, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. పాత ఎన్నికల ఫలితాలు చదివే కుర్రాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తే తప్పు వాళ్లది కాదు. అక్కడ 2004లో, 2008 ఉప ఎన్నికలో గెలిచిన కొప్పుల ఈశ్వర్ తర్వాత ధర్మపురి ఎమ్మెల్యేగా సాగారు. ఇందుర్తి చిగురుమామిడి మండలంలోని పల్లె. ఎర్రజెండాకు అది పట్టున్న స్థానం. దేశిని చినమల్లయ్యను పలుమార్లు సభకు పంపింది, 2004లో చాడ వెంకట్‌రెడ్డిని గెలిపించింది. మెట్‌పల్లిలో కమలం జెండా ఎగిరింది. చెన్నమనేని విద్యాసాగర్‌రావు 1985, 1989, 1994లో వరుసగా గెలిచారు, తర్వాత కేంద్రమంత్రి, మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. అంతటి పేరున్న మెట్‌పల్లి ఇప్పుడు పక్కనున్న కోరుట్ల పేరు కింద ఓటేస్తోంది. ఇరుగుపొరుగు ఊళ్ల మధ్య ఇంతకంటే సున్నితమైన విషయం ఉండదు.

గోదావరి మీద రాయపట్నం వంతెన ఎక్కితే ఈ మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఈ గట్టున ధర్మపురికి కొత్తగా పేరు వచ్చింది, ఆ గట్టున లక్సెట్టిపేట పేరు పోయింది. తాలూకా కేంద్రంగా వెలిగిన లక్సెట్టిపేట వెనక్కి పోవడం ఒక్కరోజులో జరగలేదు. రైలు మంచిర్యాలకు వచ్చింది, సిమెంటు ఫ్యాక్టరీ మంచిర్యాలకు వచ్చింది, బొగ్గు చుట్టూ బస్తీలు పెరిగాయి. 1999, 2004లో లక్సెట్టిపేట ఎమ్మెల్యేగా ఉన్న నడిపెల్లి దివాకర్‌రావు 2014, 2018లో మంచిర్యాల ఎమ్మెల్యే అయ్యారు.

మళ్లీ కమలాపూర్‌కు వస్తాను. ఈ స్థానానికి కమలాపూర్ ఊరి పేరు పెట్టారు గానీ, సంత, వ్యాపారం అంతా జమ్మికుంటది. కాజీపేట–బల్లార్షా లైను మీది రైల్వే స్టేషను, పెద్ద పత్తి మార్కెట్టు అక్కడే. అయినా పేరు మాత్రం చివరిదాకా కమలాపూర్‌దే. 1985 నుంచి 1999 దాకా నాలుగు ఎన్నికల్లో ఇక్కడ తెలుగుదేశం అభ్యర్థి ముద్దసాని దామోదర్‌రెడ్డి వరుసగా గెలిచారు, మంత్రిగానూ చేశారు. కాంగ్రెస్ గాలి వీచిన 1989లోనూ ఆయన నిలబడ్డారంటే ఊరూరా ఎంత పట్టుందో అర్థమవుతుంది.

ఆ పట్టు 2004లో సడలింది. 2001లో పుట్టిన టీఆర్ఎస్ కాంగ్రెస్‌తో పొత్తులో 26 స్థానాలు గెలిచింది. అందులో కమలాపూర్ ఒకటి. గెలిచింది ఈ ఊరివాడే అయిన ఈటల రాజేందర్. తెలంగాణ ఇవ్వడంలో కేంద్రం తాత్సారం చేస్తోందని 2008 మార్చిలో టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు. మొదట చెప్పిన మే 29 ఎన్నిక అలా వచ్చిందే. రాజీనామా చేసిన 16 అసెంబ్లీ స్థానాల్లో టీఆర్ఎస్‌కు తిరిగి దక్కినవి 7. కమలాపూర్‌లో ఈటల గట్టెక్కారు గానీ ఆధిక్యం రెండు వేల పైచిలుకే. ఎదురు నిలిచింది మళ్లీ ముద్దసానే. పోతూపోతూ కమలాపూర్ తన పాత నాయకుడికీ కొత్త నాయకుడికీ దాదాపు సమానంగా ఓట్లు పంచి పోయిందన్నమాట. ఆ ఉప ఎన్నికలను మొత్తంగా టీఆర్ఎస్ ఓటమిగా చెప్పుకున్నవాళ్లు చాలామంది. నన్నడిగితే, కమలాపూర్‌ది మాత్రం ఇరవై ఏళ్ల పాత పట్టును ఎదుర్కొని నిలబడిన గెలుపు.

2009లో పాత కమలాపూర్‌లోని మండలాలు హుజురాబాద్ పేరు కిందికి వచ్చాయి. పాత హుజురాబాద్‌లోని సైదాపూర్ లాంటి పల్లెలు హుస్నాబాద్‌కు పోయాయి. చూడ్డానికి కమలాపూర్ హుజురాబాద్‌లో కలిసిపోయింది. లోపలికి వెళ్లి చూస్తే పాత కమలాపూర్ వచ్చి హుజురాబాద్‌లో కూర్చుంది. ఈటల అక్కడ 2009, 2010, 2014, 2018లో గెలిచారు, తెలంగాణ తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 2021లో మంత్రి పదవి పోయి, పార్టీ మారి, ఆయన మళ్లీ ఉప ఎన్నికకు వెళ్లినప్పుడు దేశమంతా హుజురాబాద్ పేరు మారుమోగింది. దళితబంధు పథకాన్ని లాంఛనంగా అక్కడే ప్రారంభించారు. అక్టోబరు 30న పోలింగ్ జరిగితే 23,855 ఓట్ల తేడాతో ఈటల నెగ్గారు. టీవీలన్నీ హుజురాబాద్ అన్నాయి గానీ, ఈటలది కమలాపూర్, ఆయన మీద టీఆర్ఎస్ నిలిపిన గెల్లు శ్రీనివాస్ యాదవ్‌ది వీణవంక మండలం. 2023లో ఈటలను ఓడించిన పాడి కౌశిక్‌రెడ్డిదీ వీణవంకే. పేరు పన్నెండేళ్ల ముందే పోయినా, కొట్లాట మాత్రం కమలాపూర్ వాళ్ల మధ్యనే సాగింది.

కమలాపూర్‌కు ఇంకో గీత పడింది. 2016 అక్టోబరులో జిల్లాలు చీల్చినప్పుడు హుజురాబాద్, జమ్మికుంట, వీణవంక కరీంనగర్‌లో ఉండగా కమలాపూర్ మండలం వరంగల్ అర్బన్‌కు పోయింది. అదే ఇప్పటి హనుమకొండ జిల్లా. ఇవాళ కమలాపూర్ మండలంలో ఉన్న మనిషికి కలెక్టరు హనుమకొండలో, ఎమ్మెల్యే హుజురాబాద్ పేరు మీద, ఎంపీ కరీంనగర్ పేరు మీద.

ముందు ముందు ఇంకో పునర్విభజన ఉంది. రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలని చెబుతోంది. ఆ గీతలు పడే రోజు కమలాపూర్, ఇందుర్తి, లక్సెట్టిపేట పేర్లలో ఏదైనా తిరిగి రావచ్చు, ఏదీ రాకపోవచ్చు. ఈలోగా ఒక్క మాట. మీ ఇంట్లో పెట్టె అడుగునో బీరువాలోనో అమ్మానాన్నల పాత ఓటరు కార్డులు ఉండే ఉంటాయి. వెనక నియోజకవర్గం దగ్గర కమలాపూర్ అనో, బుగ్గారం అనో, నేరెళ్ల అనో ఉంటే పారేయకండి. దాచి పెట్టండి.