టీకా: ఒక మాట, రెండు దారులు

జ్వరం తగ్గించే సూదిమందును కూడా కొందరు టీకా అని వ్యవహరించడం కనిపిస్తుంది గాని, ఆ మాట చరిత్రలో నయం చేయడమనే అర్థం లేదు. సంస్కృతంలో టీకా అంటే మూలగ్రంథానికి రాసిన వ్యాఖ్య. ‘టీకా తాత్పర్యాలు’ అనే జంటమాటలోనూ, వ్యాఖ్యాతను తెలిపే ‘టీకాకారుడు’ అనే పదంలోనూ ఆ అర్థమే నిలిచింది. వ్యాధి నివారణకు వేసే టీకా మాత్రం నుదుటి బొట్టును సూచించే హిందీ మాట నుంచి తెలుగులోకి వచ్చింది; మశూచి ముదరకుండా చర్మంపై గాటు పెట్టి, ఆ వ్యాధి పొక్కుల రసాన్నే కొద్దిగా ఎక్కించే 18వ శతాబ్దపు బెంగాల్ వృత్తివారిని టీకాదార్లనేవారు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి, అంటే ఆవులకు సోకే మశూచి, పొక్కుల రసంతో అదే రక్షణను తక్కువ ప్రమాదంతో సాధించగా, ఆవును తెలిపే లాటిన్ మాట ‘వక్కా’ నుంచి వ్యాక్సిన్ అనే పేరు పుట్టింది. టీకా తానుగా రోగక్రిమిని చంపదు; బలహీనపరచిన క్రిమినో దానిలోని భాగాన్నో దేహానికి పరిచయం చేయగా, బి కణాలనే తెల్లరక్తకణాలు ప్రతిరక్షకాలను, అంటే క్రిమికి అతుక్కొని దానిని అడ్డగించే ప్రోటీన్లను, తయారుచేస్తాయి; ఆ బి కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలి అసలు క్రిమి వచ్చినప్పుడు వేగంగా స్పందిస్తాయి. రాబోయే శత్రువును దేహానికి ముందే వివరించే ఈ టీకాకు వ్యాఖ్య అనే పాత అర్థం యాదృచ్ఛికంగానే అయినా చక్కగా అతుకుతుంది. జ్వరపు సూదిమందుకు ఆ పేరు రెండు అర్థాల్లోనూ చెల్లదు.