బ్లూబెర్రీ – ఒక ప్రభుత్వోద్యోగి సాధించిన పంట

అమెరికాలో పిల్లలున్న మన సంఘ సభ్యులు చాలామంది ఈపాటికి బ్లూబెర్రీ రుచి చూసే ఉంటారు. మన పట్నాల్లోని పెద్ద దుకాణాల్లోనూ చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముతున్నారు. ధర వింటే మాత్రం పెన్షనుదారు గుండె గుభేలుమంటుంది. ఈ పండు గుణాలను అందరూ చెబుతారు గాని, దీన్ని పంటగా మార్చింది ఒక ప్రభుత్వోద్యోగి అని చెప్పేవారు తక్కువ. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను గనుక నాకు ఆ చరిత్రే ముఖ్యమనిపించింది.

ఇది ఉత్తర అమెరికా అడవుల్లో, చిత్తడి నేలల్లో పెరిగే పొద. శాస్త్రీయ నామం వాక్సీనియం కోరింబోసం. హిమాలయాల్లో ఎర్రగా పూసే రోడోడెండ్రాన్ దీని కుటుంబానిదే. దగ్గరి చుట్టం ఒకటి మన నీలగిరి కొండల మీదా ఉంది. అక్కడి ఆదివాసులు అనాదిగా ఈ పండ్లు ఏరి తినేవారు, ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవారు. కాని అడవి పొదను తెచ్చి, ఎరువు వేసిన మంచి పొలంలో నాటితే నీరసించి చచ్చిపోయేది. దీన్ని సాగు చేయలేమనే రైతులు అనుకునేవారు.

ఫ్రెడరిక్ కోవిల్ అమెరికా వ్యవసాయ శాఖలో వృక్షశాస్త్రజ్ఞుడు. 1906లో ఈ చిక్కుముడి విప్పడానికి పూనుకున్నాడు. సున్నం కలిసిన సారవంతమైన నేలే ఈ మొక్కకు శత్రువనీ, ఆమ్లగుణం ఉన్న నేల కావాలనీ తేల్చాడు. 1910లో ఆ ఫలితాలను శాఖాపరమైన బులెటిన్‌గా అచ్చువేశారు. చలికాలంలో తగినంత చలి తగలనిదే వసంతంలో మొక్క సరిగా చిగురించదని కూడా తరువాత ఆయనే నిరూపించాడు. ఉత్తరాది రకాలకు 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి సుమారు 800 గంటలు కావాలి. మన మైదానాల్లో అవి పండకపోవడానికి కారణం ఇదే.

శాఖాపరమైన బులెటిన్లు బీరువాల్లో దుమ్ము పట్టడం మనందరం చూసినదే. దీన్ని మాత్రం ఒకామె శ్రద్ధగా చదివింది. న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో క్రాన్‌బెర్రీ తోటల యజమాని కుమార్తె ఎలిజబెత్ వైట్. మా తోటలో ప్రయోగాలు చేయండని 1911లో కోవిల్‌కు కబురు పెట్టింది. అడవుల్లో పండ్లు ఏరే స్థానికులకు 5/8 అంగుళం రంధ్రం ఉన్న కొలత సాధనం ఇచ్చి, అందులో పట్టనంత పెద్ద పండ్లు కాసే పొదలు చూపితే డబ్బిస్తానంది. ఏ పొద ఎవరు చూపితే దానికి వారి పేరే పెట్టింది. శామ్ లెమన్ చూపిన పొదకు నిమ్మకాయ పేరు బాగుండదని 'శామ్' అన్నారు. రూబ్ లీక్ అనే ఆయన పొదకు, ఇంటిపేరులోని మొదటి అక్షరం చేర్చి 'రూబెల్' అన్నారు. 1916లో మొదటి పంట బజారుకు వచ్చింది. రూబెల్ రకాన్ని నేటికీ సాగు చేస్తున్నారు. 1937లో కన్నుమూసేనాటికీ కోవిల్ ఆ శాఖలోనే ఉన్నాడు.

ఇక పోషక విలువలు. 100 గ్రాముల పండ్లలో సుమారు 57 కిలో కేలరీలు, 10 గ్రాముల చక్కెర, రెండున్నర గ్రాముల పీచు, 10 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. మన జామలోనూ ఉసిరిలోనూ విటమిన్ సి దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. బ్లూబెర్రీకి పేరు తెచ్చింది తోలులోని ఆంథోసయనిన్లనే నీలి రంగు పదార్థాలు. మన నేరేడుపండుకు రంగునిచ్చేవీ ఆ జాతివే. ఇలాంటి పదార్థాల శక్తిని ప్రయోగశాలలో కొలిచి అమెరికా వ్యవసాయ శాఖ ఒక పట్టిక పెట్టింది. పరీక్షనాళికలోని అంకెలు మనిషి శరీరంలో కలిగే మేలుకు కొలత కావని 2012లో తానే దాన్ని తొలగించింది. తప్పనిపిస్తే తన కాగితాన్ని తానే వెనక్కి తీసుకోవడం ఏ శాఖకైనా గౌరవమే.

కనుక పిల్లలు కొని పెడితే సంతోషంగా తినండి. మంచి పండే. అంత ధర పెట్టి కొనలేకపోతున్నామని మాత్రం ఎవరూ దిగులుపడనక్కరలేదు. వేసవి చివర నేరేడుపళ్ళు, ఏడాదిలో చాలా నెలలు జామపళ్ళు మన అందుబాటులోనే ఉంటాయి. మధుమేహం ఉన్నవారు ఏ పండైనా మితంగా తినాలి. ఈసారి మనవలు బ్లూబెర్రీ డబ్బా విప్పినప్పుడు కోవిల్ గురించీ, అడవిలో పొదలు వెతికిన రూబ్ లీక్ గురించీ వారికి రెండు మాటలు చెప్పండి.