వాల్రస్‌కు ఒకప్పుడు కోరలే లేవు.. శిలాజాలు చెబుతున్న ఆసక్తికర విషయాలివే!

వాల్రస్ అనగానే గుర్తొచ్చేది ఏంటి? రెండు పొడవాటి కోరలు, గుబురు మీసాలు, చుట్టూ మంచు. కానీ దీని పాత బంధువుల్లో చాలావాటికి ఆ కోరలే లేవు. మంచుతోనూ పనిలేదు.

ప్రస్తుతం భూమ్మీద మిగిలింది ఒకే ఒక్క వాల్రస్ జాతి. అంతరించిపోయిన జాతులు మాత్రం దాదాపు 20 వరకు శిలాజాల రూపంలో బయటపడ్డాయి. వీటిలో ఎక్కువ భాగం కాలిఫోర్నియా, మెక్సికో, జపాన్ తీరాల్లోనే దొరికాయి.

కోరల్లేని 'వాల్డో'
సుమారు 1.6 కోట్ల ఏళ్ల కిందటి తొలి వాల్రస్‌లు చూడ్డానికి సీ లయన్‌లా ఉండేవి. చేపలు పట్టి తినేవి. 1993లో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో దొరికిన అస్థిపంజరం కూడా కోరల్లేని వాల్రస్‌దే. దాని వయసు 50 లక్షల ఏళ్ల పైమాటే. పరిశోధకులు ముద్దుగా 'వాల్డో' అని పిలుచుకున్న దీనికి 2018లో టైటనోటేరియా అని పేరు పెట్టారు.

ఒకదానికి నాలుగు కోరలు.. మరోదానికి పళ్లే లేవు
గోంఫోటేరియాకు పైన రెండు, కింద రెండు.. మొత్తం నాలుగు కోరలు. శాన్ డియాగో దగ్గరి చులా విస్టాలో దొరికిన వాలెనిక్టస్‌ది ఇంకా వింత. పై దవడకు రెండు కోరలు తప్ప నోట్లో ఒక్క పన్ను కూడా లేదు!

మరి తిండి ఎలా? నేటి వాల్రస్ ఆల్చిప్పను పెదాలతో బిగించి పట్టి, నాలుకను పిస్టన్‌లా వెనక్కి లాగి మాంసాన్ని పీల్చేస్తుంది. నమలాల్సిన పనే లేదు. వాలెనిక్టస్‌ది కూడా ఇదే పద్ధతి అని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇక కోరలు తిండి కోసం కాదు.. పోట్లాటకు, గుంపులో పెత్తనానికి, మంచు మీదకు ఎక్కడానికి.

మిగిలింది ఒక్కటే.. దానికీ ముప్పే
వెచ్చని తీరాల్లో బతికిన బంధువులన్నీ పోయాయి. మిగిలిన ఈ ఒక్కటి మంచుకు అలవాటుపడింది. తిండి వేటకు, వేటకు మధ్య సేదతీరేది, ఆడవి పిల్లల్ని కనేది ఆ మంచు మీదే. ఇప్పుడు ఆ మంచే కరిగిపోతోంది. 2014 సెప్టెంబరులో అలాస్కాలోని పాయింట్ లే దగ్గర సుమారు 35 వేల వాల్రస్‌లు ఒక్కసారిగా ఒడ్డుకు చేరాయి. అంత గుంపు బెదిరితే తొక్కిసలాటే. అందులో ముందుగా నలిగిపోయేది పిల్లలే.