నెల తప్పిన తొలి రోజుల మీద చట్టం: చిత్తూరు ప్రాంతంలో గర్భస్రావ నిషేధం అమలైన తీరు

భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1న అమల్లోకి వచ్చేనాటికి తిరుపతి, చంద్రగిరి, పలమనేరు, చిత్తూరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోనూ ఉండేవి. 1911 ఏప్రిల్ 1న ఈ రెండు జిల్లాల ముక్కలను, పూర్వపు జమీందారీ భాగాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసేవరకు, తిరుపతి కొండ కింద ఊళ్ళలో జరిగిన నేరమూ వేలూరులో జరిగిన నేరమూ ఒకే జిల్లా యంత్రాంగం కిందికి వచ్చేవి. ఆ యంత్రాంగానికి కేంద్రం చిత్తూరు. కొత్త స్మృతిలోని 312వ సెక్షన్ ప్రకారం, స్త్రీ ప్రాణం కాపాడే సదుద్దేశంతో తప్ప మరే కారణంతోనైనా గర్భస్రావం కలిగించినవారికి మూడేళ్ళ వరకు జైలు, కడుపులో బిడ్డ కదలిక మొదలైన తర్వాత ఆ పని చేస్తే ఏడేళ్ళ వరకు జైలు విధించవచ్చు. తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీ కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుందని దానికి జోడించిన వివరణ స్పష్టం చేసింది. మందు ఇచ్చిన మనిషితోపాటు మందు మింగిన మనిషినీ నేరస్థురాలిగా నిలబెట్టిన ఈ వివరణే తరువాతి నూరేళ్ళ కథను నడిపింది.

ఈ నిషేధం ఎలా అమలవుతుందో చట్టం రాసినవారికి ముందే తెలుసు. 1837లో శిక్షాస్మృతి ముసాయిదా తయారుచేసిన మెకాలే, అతని సహసభ్యులు గర్భస్రావ నిబంధన గురించి రాసిన వ్యాఖ్యలో దాచుకోకుండా తమ భయాన్ని వెల్లడించారు. ఈ దేశంలో ఇలాంటి నేరారోపణ రుజువు కాకపోయినా కుటుంబ గౌరవానికి మచ్చ తెస్తుందని, దుర్మార్గుల చేతిలో అది బెదిరింపు ఆయుధమవుతుందని, శిక్షలు పడేది తక్కువ, కుటుంబాలు పడే క్షోభ ఎక్కువ అని వారు హెచ్చరించారు. ఆ దుర్వినియోగాన్ని విచారణ పద్ధతిని నిర్ణయించే మరో స్మృతి ద్వారా అరికట్టగలమని ఆశపడ్డారు. ఆ ఆశకు మిగిలిన గుర్తు నేర విచారణ స్మృతికి అనుబంధంగా ఉండే పట్టికలో కనిపిస్తుంది: 312వ సెక్షన్ కాగ్నిజబుల్ నేరం కాదు, అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు తమంతట తాము దర్యాప్తు మొదలుపెట్టడానికి, వారెంటు లేకుండా అరెస్టు చేయడానికి వీలులేని నేరం. అందుకు భిన్నంగా, బిడ్డ శవాన్ని రహస్యంగా పారవేసి పుట్టుకను దాచడాన్ని శిక్షించే 318వ సెక్షన్ కింద పోలీసులు నేరుగా రంగంలోకి దిగవచ్చు. తొలి నెలల గర్భస్రావం కాగితం మీద నేరమే అయినా, దాని జోలికి పోలీసు తనంతట తాను రాలేడు. ఏదో ఒక శవం కనిపిస్తేనే, అది పసికందుదైనా తల్లిదైనా, చట్టానికి కాళ్ళు వచ్చేవి.

అయితే పోలీసుకు తెలియనిది ఊరికి తెలిసేది. ఈ ప్రాంతపు గృహజీవితంలో స్త్రీ ఋతుక్రమం రహస్యం కాదు. నెల నెలా మూడు రోజులు బయట చేరే ఆచారం పాటించిన ఇళ్ళలో కోడలు ఏ రోజున బయట చేరిందో, ఏ నెలలో చేరలేదో అత్తగారి లెక్కలో ఉండేది. మైల బట్టలు ఉతికే చాకలి స్త్రీకి ఆ లెక్క ఇంకా ముందే తెలిసేది. భర్త ఉన్న స్త్రీకి నెల తప్పితే అది శుభవార్త, నీళ్ళోసుకుందన్న మాట వీధి దాటేది. భర్త లేని స్త్రీకి నెల తప్పితే అదే సమాచారం అభియోగమయ్యేది. గర్భాన్ని తొలి దశలోనే గుర్తించే పద్ధతి ఏ ప్రభుత్వ వైద్యుడి చేతిలోనూ లేని కాలంలో, మైల పేరిట కట్టుబాట్లు నెలకొల్పిన ఈ ఇంటి పంచాంగం ఎంత నిశితమైన నిఘాగా పనిచేసిందో గుర్తించకపోతే నిషేధం అమలును అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

ఊరి భాషకూ చట్టం భాషకూ మధ్య మరొక దూరం ఉంది. ముట్టు ఆగిన మొదటి నెలల్లో మందు తీసుకోవడాన్ని జనం ముట్టు తెప్పించుకోవడం అనేవారు. కడుపు దించుకోవడం, కడుపు తీయించుకోవడం అన్న మాటలు కడుపు కడుపుగా రూఢి అయిన తర్వాతివి. ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను మహాపాపాల సరసన చేర్చి ప్రాయశ్చిత్తాలు విధించినా, ఆగిన ముట్టును తిరిగి రప్పించడం భ్రూణహత్యేనని సామాన్య స్త్రీ భావించిందనడానికి ఆధారం తక్కువ. ఇంగ్లండు చట్టం కూడా ఒకప్పుడు ఈ తేడాను పాటించింది: అక్కడి 1803 నాటి శాసనం బిడ్డ కదలికకు ముందు చేసిన పనికి తక్కువ శిక్ష, ఆ తర్వాత చేసిన పనికి మరణశిక్ష విధించింది, 1837లో ఆ భేదాన్ని తొలగించారు. భారత స్మృతి భేదాన్ని నిలిపి, శిక్షను తగ్గించింది. కానీ మొదటి నెలను నేరం వెలుపల ఉంచలేదు.

మొదటి నెల సంగతి 1886లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. క్వీన్ ఎంప్రెస్ వర్సెస్ ఆదెమ్మ అనే ఆ కేసులో నిందితురాలు నెల గర్భంతో ఉండగా దానిని పోగొట్టుకునే ప్రయత్నం చేసిందన్నది అభియోగం. ఆ దశలో శిశువు అనదగిన రూపమేదీ ఉండదన్న కారణంతో సెషన్స్ జడ్జి ఆమెను విడుదల చేయగా, హైకోర్టు ఆ తర్కాన్ని తోసిపుచ్చింది. గర్భం ధరించిన క్షణం నుంచే స్త్రీ గర్భవతి అవుతుందని, ఆ క్షణం నుంచే గర్భస్థ శిశువును కాపాడే బాధ్యత ఆమె మీద ఉంటుందని నిర్ణయించింది. ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు శ్రేణి తొమ్మిదో సంపుటిలో అచ్చయిన ఈ తీర్పు ప్రెసిడెన్సీలోని అన్ని కోర్టులకూ వర్తించింది, చిత్తూరు కోర్టుకు కూడా. తెలుగు పేరున్న ఒక స్త్రీ, ఒక నెల గర్భం, ఆ తర్వాత దేశమంతటా న్యాయశాస్త్ర గ్రంథాలు ఉటంకించిన సూత్రం: ఈ మూడింటి కలయికను తెలుగు చరిత్రకారులు మరింత పట్టించుకోవలసి ఉంది. ఆ సూత్రం ఎంత విస్తృతమైనదో, దానిని రుజువు చేయడం అంత కష్టం. నెల గర్భానికి సాక్ష్యం ఆ స్త్రీ నోటి మాట, లేదా ఆమెను పట్టించినవారి మాట తప్ప మరొకటి ఉండదు.

పట్టించే బాధ్యత చట్టరీత్యా గ్రామాధికారి మీద పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి పదకొండో రెగ్యులేషన్ గ్రామ పెద్దకు పోలీసు విధులను అప్పగించింది. 1898 నాటి నేర విచారణ స్మృతి 45వ సెక్షన్ ఊళ్ళో జరిగిన ఆకస్మిక, అసహజ, అనుమానాస్పద మరణాలను వెంటనే తెలియజేయాలని అతన్ని నిర్బంధించింది. ఈ ప్రాంతంలో ఆ పని రెడ్డి లేదా మునసబు చేతుల్లో, అతని కింద కావలి కాసే తలారి కాళ్ళ మీద నడిచింది. బావిలో తేలిన పసికందు, చెరువు గట్టున కుక్కలు బయటికి లాగిన మూట, మందు వికటించి చనిపోయిన యువతి, వీటిలో ఏది జరిగినా తలారి ఠాణాకు పరుగెత్తవలసిందే. శవాన్ని పరీక్షకు పంపేవారు. విషం అనుమానమైతే లోపలి అవయవాలు మద్రాసులోని కెమికల్ ఎగ్జామినరు వద్దకు వెళ్ళేవి. చనిపోయిన స్త్రీ విషయంలో మందు ఇచ్చిన మంత్రసాని మీద 314వ సెక్షన్, అంటే గర్భస్రావం చేయబోయి ప్రాణం తీసినందుకు పదేళ్ళ వరకు జైలు, వచ్చి పడేది. దక్షిణాసియాలో గర్భస్రావ న్యాయవైద్య చరిత్రను పరిశీలించిన చరిత్రకారిణి మిత్రా షరాఫీ కూడా స్త్రీ చనిపోతే తప్ప ఇలాంటి కేసులు కోర్టుకు ఎక్కడం అరుదని గుర్తించారు.

పాలనాధికారులకు ఈ విషయం మీద ఎంత శ్రద్ధ ఉండేదో చెప్పడానికి జె.డి.బి. గ్రిబుల్ ఉదాహరణ చాలు. మదనపల్లె, వాయల్పాడు ఇంకా కడప జిల్లాలోనే ఉన్న 1875లో కడప జిల్లా మాన్యువల్‌ను రచించిన ఈ సివిల్ సర్వీసు అధికారి, తరువాత పాట్రిక్ హెహిర్ అనే వైద్యుడితో కలిసి భారతదేశ న్యాయవైద్యం మీద గ్రంథం వెలువరించాడు. ఆ కాలపు న్యాయవైద్య గ్రంథాలన్నిటిలోనూ గర్భస్రావానికి, శిశుహత్యకు విడి అధ్యాయాలు ఉంటాయి. జిల్లేడు, చిత్రమూలం వంటి మొక్కల పేర్లు, వాటివల్ల స్త్రీలకు కలిగిన పుండ్లు, జ్వరాలు, మరణాల వర్ణనలు ఉంటాయి. ఆ పుటల్లో స్త్రీలు శవాలుగా మాత్రమే కనిపిస్తారు. ప్రమాదం లేకుండా బయటపడినవారి గురించి రాయడానికి ఆ గ్రంథాలకు సమాచారమే అందలేదు.

ఎవరు దొరికిపోయారన్న ప్రశ్నకు సమాధానం వైధవ్యం చుట్టూ తిరుగుతుంది. చిత్తూరు ప్రాంతంలోని అనేక కులాల్లో మారుమనువు అంగీకృతమైన ఆచారం. భర్త పోయిన యువతి మరొకరితో కాపురం పెట్టడానికి కుల పంచాయతీ ఒప్పుకునేది. దాన్ని నిషేధించిన బ్రాహ్మణ, వైశ్య కుటుంబాల్లోనూ, వారిని అనుసరించి గౌరవం పెంచుకోదలచిన ఇతర కుటుంబాల్లోనూ బాల్యంలోనే విధవలైన స్త్రీలు ఉండేవారు. వితంతువుల పునర్వివాహాన్ని చట్టబద్ధం చేయాలని వాదించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు భ్రూణహత్యలను ముఖ్యమైన కారణంగా చూపాడు. 1856లో చట్టం వచ్చింది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. చట్టం వచ్చిన ఇరవై అయిదేళ్ళకు గాని తెలుగునాట తొలి వివాహం జరగలేదంటే, మధ్యలో ఎందరు స్త్రీలు చీకట్లో మంత్రసాని తలుపు తట్టి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఆస్తి విషయం దీనిని మరింత క్రూరం చేసింది. 1856 చట్టం రెండో సెక్షన్ ప్రకారం మళ్ళీ పెళ్ళాడిన వితంతువు మొదటి భర్త ఆస్తి మీద హక్కు కోల్పోయేది. అస్సాం నుంచి వెళ్ళిన మణిరామ్ కోలితా కేసులో ప్రివీ కౌన్సిల్ 1880లో చెప్పినదాని ప్రకారం, ఒకసారి భర్త ఆస్తి సంక్రమించిన వితంతువు ఆ తర్వాత శీలం తప్పినా ఆ ఆస్తి పోదు. పెళ్ళి చేసుకుంటే భూమి పోయేది, చాటుగా గర్భం ధరిస్తే పోయేది కాదు. ఆ స్థితిలో మరుదులకు, దాయాదులకు సివిల్ కోర్టులో దొరకని ఆయుధం క్రిమినల్ బెదిరింపులో దొరికిందని భావించడం అసంగతం కాదు. మెకాలే భయపడింది సరిగ్గా ఇలాంటి ఆయుధం గురించే. ఆ బెదిరింపులేవీ తీర్పుల సంపుటాలకు ఎక్కలేదు, ఎందుకంటే అవి ఫలించినప్పుడు కేసు ఉండదు. నిషేధం తన పని చేసింది శిక్షల ద్వారా కాదు, భయం ద్వారా.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతపు స్త్రీలకు వైద్యం దగ్గరైంది. అమెరికన్ ఆర్కాట్ మిషన్ కుటుంబానికి చెందిన ఐడా స్కడర్ వేలూరులో ఆసుపత్రిని, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాలను నెలకొల్పారు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెలసింది. పురుషుడి చేతి వైద్యానికి ఒప్పుకోని ఇళ్ళ నుంచి కూడా స్త్రీలు వేలూరు బండి ఎక్కడం మొదలైంది. కానీ ఈ ఆసుపత్రులు మంత్రసాని చేతిలో వికటించిన గర్భస్రావాన్ని బాగుచేయగలిగాయే తప్ప, దానిని సురక్షితంగా చేసే అనుమతి వాటికి లేదు. 1960లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల ప్రారంభమైనప్పుడు కూడా చట్టం 1862 నాటిదే.

1964లో కేంద్ర ప్రభుత్వం నియమించిన శాంతిలాల్ షా కమిటీ 1966 చివర్లో సమర్పించిన నివేదిక, 50 కోట్ల జనాభాకు ఏటా 39 లక్షల గర్భస్రావాలు కావాలని చేయించుకున్నవేనని అంచనా వేసింది. నూరేళ్ళ నిషేధం తర్వాత వచ్చిన లెక్క ఇది. 1971లో పార్లమెంటు ఆమోదించిన గర్భవిచ్ఛిత్తి చట్టం, అంటే ఎంటీపీ చట్టం, 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అది 312వ సెక్షన్‌ను రద్దు చేయలేదు. దానికి ఒక తలుపు మాత్రం పెట్టింది. పన్నెండు వారాల లోపు ఒక వైద్యుడు, ఇరవై వారాల లోపు ఇద్దరు వైద్యులు, చట్టంలో చెప్పిన కారణాలు ఉన్నాయని నిర్ధారిస్తే, ప్రభుత్వ ఆసుపత్రిలో గాని ప్రభుత్వం ఆమోదించిన చోట గాని గర్భాన్ని తొలగించడానికి అప్పట్లో వీలుండేది. గర్భనిరోధక సాధనం విఫలమైన కారణాన్ని వివాహిత స్త్రీకే పరిమితం చేశారు. అంటే పాత నిఘా ప్రశ్న, ఆమెకు భర్త ఉన్నాడా అన్నది, ఇలా ఆసుపత్రి కాగితంలోకి చేరింది. కడుపు కడిగించుకోవడానికి తిరుపతి పెద్దాసుపత్రికి బస్సెక్కిన పల్లె స్త్రీ భర్త సంతకం లేదని వెనక్కి తిరిగి వస్తే, ఆ సంతకాన్ని చట్టం అడగలేదన్న విషయం ఆమెకు చెప్పేవారు ఉండరు. చట్టం కోరినది పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ సమ్మతిని మాత్రమే.

నిఘా దిశ 1994 తర్వాత మళ్ళీ మారింది. ఆడపిల్ల అని తెలుసుకుని గర్భం తీయించడాన్ని అరికట్టే లింగనిర్ధారణ నిషేధ చట్టం స్కానింగు యంత్రాల నమోదును, స్కాన్ చేసిన ప్రతి గర్భిణి వివరాలతో ఫారం ఎఫ్ నింపడాన్ని తప్పనిసరి చేసింది. ఆ చట్టం లక్ష్యం న్యాయమైనదే, అవసరమైనదే. కానీ తనిఖీల భయంతో చట్టబద్ధమైన తొలి నెలల సేవలకు కూడా వైద్యులు వెనకాడే పరిస్థితి దేశమంతటా కనిపించింది. మరోవైపు, 2002లో దేశంలో అనుమతి పొందిన మాత్రలు తొలి వారాల గర్భస్రావాన్ని మంత్రసాని చేతి నుంచీ, వైద్యుడి చేతి నుంచీ కూడా తప్పించి మందుల దుకాణానికి చేర్చాయి. 2018లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం 2015లో దేశంలో కోటీ 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని, వాటిలో దాదాపు 73 శాతం ఆసుపత్రుల వెలుపల మాత్రలతో జరిగినవేనని అంచనా కట్టింది. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని ఆ మాత్రల విషయంలో చట్టం అమలు చేసే పని ఇప్పుడు డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ల చేతికి వచ్చింది.

2021 సవరణ వివాహిత అన్న మాటను తొలగించి, స్త్రీ గాని ఆమె భాగస్వామి గాని అని మార్చింది; స్త్రీ వివరాలు బయటపెట్టిన వైద్యుడికి శిక్షను చేర్చింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అవివాహితలకూ సమాన హక్కు ఉందని తీర్పు చెప్పింది. బాలలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద మైనరు గర్భాన్ని పోలీసులకు తెలియజేయవలసిన వైద్యుడు, ఆ బాలిక, ఆమె సంరక్షకులు కోరితే, ఆమె పేరు వెల్లడించనక్కరలేదని కూడా చెప్పింది. ఆ ఏడాదే ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్ళింది. 2024 జూలై 1న భారత న్యాయ సంహిత అమల్లోకి వచ్చి, 312వ సెక్షన్ 88వ సెక్షన్‌గా మారింది. శిక్ష మూడేళ్ళే, బిడ్డ కదలిక తర్వాత ఏడేళ్ళే, తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీ నేరస్థురాలేనన్న వివరణ అక్షరాలా అదే. పట్టికలో దాని ఎదురుగా నాన్ కాగ్నిజబుల్ అన్న మాట కూడా అదే.